ఇంటి లెక్క నుంచి జన్యువు దాకా

వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్ ముప్పును మొదట పట్టుకున్నది ప్రయోగశాల కాదు, చనిపోయిన బంధువుల లెక్క. ఫ్రెంచి శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా 1866లో వెలువరించిన గ్రంథంలో తన భార్య వంశంలోని నాలుగు తరాల చావులను వరుసగా రాశాడు. వారిలో చాలామంది ఆడవాళ్లను రొమ్ము క్యాన్సరే బలిగొంది. 1895లో అమెరికాలోని మిషిగన్‌లో బట్టలు కుట్టి బతికే ఒక స్త్రీ ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పేథాలజీ ఆచార్యుడి దగ్గర తన భయం చెప్పుకుంది. తమ ఇంట్లో అందరూ కడుపులోనో పేగులోనో గర్భసంచిలోనో క్యాన్సర్ వచ్చి పోతున్నారని, తన గతీ అంతేనని. చివరికి ఆమె గర్భసంచి క్యాన్సర్‌తోనే పోయింది. వార్తిన్ ఆ కుటుంబ చరిత్రను 1913లో ప్రకటిస్తే పట్టించుకున్నవారు తక్కువ. 1960లలో హెన్రీ లించ్ అనే వైద్యుడు మళ్లీ తవ్వి తీశాక ఆ జబ్బు లించ్ సిండ్రోమ్ అయింది. అసలు సంగతి చెప్పిన కుట్టుపని మనిషి పేరు దానికి దక్కలేదు.

ఈ ముప్పు తరం నుంచి తరానికి ఎలా పనిచేస్తుందో చెప్పినది పిల్లల కంటి క్యాన్సర్. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే వైద్యుడు ఆ జబ్బు వచ్చిన 48 మంది వివరాలు పరిశీలించి, ఒక కణం క్యాన్సర్‌గా మారాలంటే దాని కాపలా జన్యువు రెండు ప్రతులూ చెడాలని ప్రతిపాదించాడు. చెడిన ఒక ప్రతితోనే పుట్టిన బిడ్డకు మిగిలింది ఒక్క దెబ్బే. అందుకే జబ్బు చిన్నప్పుడే, తరచు రెండు కళ్లకూ వస్తుంది. 1990లో శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ రొమ్ము క్యాన్సర్ కుటుంబాలను పరిశీలించి, ముప్పు జన్యువు 17వ క్రోమోజోమ్‌పై ఉందని చూపింది. ఆ బీఆర్‌సీఏ1 జన్యువు 1994లో, బీఆర్‌సీఏ2 మరుసటి ఏడు చేతికి చిక్కాయి. మొత్తం క్యాన్సర్లలో ఇలా బలమైన వారసత్వంతో వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే.

ఇక మన వైపుకొస్తే, నెల్లూరు తీరానికి పెద్ద క్యాన్సర్ వైద్యమంటే చాలాకాలం మద్రాసే. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి అక్కడి అడయార్‌లో 1954లో నెలకొల్పిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వారే దక్షిణ భారత కుటుంబాల్లో బీఆర్‌సీఏ మార్పుల గురించి 2003లో పరిశోధన ప్రకటించారు. యూదుల్లో ఎక్కువగా కనిపించే 185డెల్‌ఏజీ అనే మార్పు దక్షిణాదిలోనూ బయటపడింది. ఒక భారతీయ కుటుంబంలో అది యూదులతో సంబంధం లేకుండా విడిగా పుట్టిందని తేలింది.

కోస్తాలో వంశపారంపర్య జబ్బు మాట రాగానే మేనరికం చర్చకొస్తుంది. బీఆర్‌సీఏ విషయంలో తల్లి నుంచో తండ్రి నుంచో చెడిన ఒక్క ప్రతి చాలు. ప్రతి బిడ్డకూ సగం అవకాశం. మేనరికం వల్ల ఆ సగం పెరగదు. అయితే భార్యాభర్తలిద్దరిలోనూ బీఆర్‌సీఏ2 లోపం ఉంటే, రెండు ప్రతులూ చెడిన బిడ్డకు ఫాన్కోని రక్తహీనత అనే తీవ్రమైన జబ్బు రావచ్చు. మేనరికం కన్నా పెద్ద విషయం తరతరాలుగా ఒకే సామాజికవర్గంలో పెళ్లిళ్లు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని 263 వర్గాలను పరిశీలిస్తే, 81 వర్గాలు యూదులకన్నా, ఫిన్‌లాండ్ వారికన్నా తక్కువమంది మూలపురుషుల నుంచి వచ్చిన లక్షణాలు చూపాయి. ఇలాంటి చోట అరుదైన లోపాలు పేరుకుపోతాయి. ఆంధ్రలోని వైశ్యుల్లో మత్తుమందు వేళ కండరాలను సడలించే మందు ప్రభావం ఎక్కువసేపు ఉండిపోవడం దానికి తెలిసిన ఉదాహరణ; అది క్యాన్సర్ లోపం కాదు గానీ దారి అదే.

ఇలాంటి లోపం ఉందో లేదో తేల్చే జన్యు పరీక్షకు ముందు సలహాదారు వంశవృక్షం గీస్తారు. మగవారికి చదరం, ఆడవారికి వృత్తం, జబ్బు వస్తే లోపల నలుపు, చనిపోతే అడ్డగీత. నాయనమ్మ 'కడుపులో గడ్డ' వచ్చి పోయిందన్నమాట దగ్గర పెన్ను ఆగుతుంది. అది అండాశయమో పేగో తేలాలి. రొమ్ము క్యాన్సర్ కదా అని తల్లి వైపే చెప్పి మేనత్తలను వదిలేసేవారు ఎందరో. నిజానికి ముప్పు నాన్న వైపు నుంచీ అంతే వస్తుంది. పరీక్ష మొదట జబ్బు వచ్చిన మనిషికే చేస్తారు. ఆ మనిషిలో మార్పు దొరికితే, ఆరోగ్యంగా ఉన్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, పిల్లలకు జన్యువంతా వెతకనక్కర్లేదు, ఆ ఒక్కచోట చూస్తే చాలు. ఆ మనిషిలో ఏదీ దొరక్కపోతే, వాళ్లకు చేసిన పరీక్ష 'లేదు' అని చెప్పినా దానికి పెద్ద అర్థం ఉండదు.