కాగితపు లేసు, కత్తెర, బంక



ఉత్తరాలను మోసుకువచ్చే వ్యవస్థకు మన పెద్దలు ‘టపా’ అని పేరు పెట్టుకున్నారు. ఆ మాటను మన బ్లాగరులు తెచ్చి కంప్యూటరు రాతకు తగిలించినప్పుడు నాకు ఎంతో ముచ్చట వేసింది. నేటి నా టపా ఆ పాత టపాను గురించినదే. రంగురంగుల పూలకాగితాలను కత్తిరించి, ఒకదానిపై ఒకటి అంటించి, బేగడ అద్ది, చేతితో తయారుచేసిన శుభాకాంక్షల పత్రాల చరిత్ర ఇది. మొన్న ట్రంకుపెట్టె సర్దుతూ ఉండగా నా శిష్యులు వివిధ సంవత్సరాలలో ఇచ్చిన కొత్త సంవత్సరపు కార్డుల కట్ట బయటపడింది. అందులో ఉండవలసిన కార్డు ఒకటి లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఇంగ్లండుకూ, అక్కడినుండి అమెరికాకూ పోవాలి. ఈ కథ అసలు జరిగింది అక్కడే.

ఇంగ్లండులో 1840కి పూర్వం ఉత్తరపు కూలి దూరాన్ని బట్టి, అందులోని కాగితాల సంఖ్యను బట్టి ఉండేది. సాధారణంగా అందుకున్నవారే ఆ రుసుము చెల్లించేవారు. ఒక కాగితాన్ని మరొక కాగితంలో చుట్టి పంపితే రెండు కాగితాల ఖరీదు పడేది. ఇక పొరలు పొరలుగా అంటించిన అలంకారానికి చోటెక్కడిది? 1840లో రోలండ్ హిల్ సంస్కరణ వల్ల అర ఔన్సు వరకు, దేశంలో ఏ మూలకైనా, ఒక్క పెన్నీ చాలునన్నారు. లెక్క కాగితాలనుండి తూకానికి మారింది. అమెరికాలో 1845లో చేసిన చట్టం కూడా తూకాన్నే ప్రమాణంగా తీసుకొని, మూడు వందల మైళ్ల లోపు అర ఔన్సుకు ఐదు సెంట్లుగా నిర్ణయించింది. పల్చని కాగితంతో ఎన్ని పొరలు వేసినా తపాలావాడికి అభ్యంతరం లేదన్నమాట. కళకు రాజాశ్రయమే కాదు, తపాలా రుసుము కూడా ఆధారమే! 1843లో సర్ హెన్రీ కోల్ ప్రసిద్ధమైన క్రిస్మస్ కార్డును ముద్రింపించి, చేత రంగులద్దించి, షిల్లింగుకొకటి చొప్పున అమ్మించాడు. అయితే అది ప్రధానంగా అచ్చు కార్డు. అంటింపు పనికి అసలు నెలవు ఫిబ్రవరి 14న పంపుకొనే వాలెంటైను పత్రాలు. ఆ దినాన్ని గురించి మన దేశంలో ఏటా చెలరేగే రగడ జోలికి నేను పోను.

ఆ పత్రాలకు ప్రాణం కాగితపు లేసు. దాని పుట్టుక చిత్రమైనది. ఉక్కు దిమ్మమీద నమూనా చెక్కి, దానికీ ప్రతిదిమ్మకూ నడుమ కాగితాన్ని ఒత్తితే పూలు, తీగలు ఉబ్బెత్తుగా లేస్తాయి. లండనులోని డాబ్స్ వారి వద్ద పనిచేస్తున్న జోసెఫ్ అడెన్‌బ్రూక్ అనే పనివాడు 1834లో అలా ఉబ్బిన భాగాలమీద ఆకురాయి ఆడించాడు. ఉబ్బు అరిగి రంధ్రాలు పడ్డాయి. కాగితం లేసైంది! నూలుతో లేసు అల్లే స్త్రీ రోజులు వెచ్చించి సాధించే దానిని ఆకురాయి క్షణాలలో అనుకరించింది. అది కాకతాళీయమని కొందరు రాస్తారు. నాకు నమ్మకం కుదరదు. నిత్యం ఆ దిమ్మల ముందు నిలబడే పనివాడి కంటికి ‘ఈ ఉబ్బు అరిగితే ఏమవుతుంది?’ అన్న ప్రశ్న తట్టడంలో వింత లేదు. పెద్దమనుషులు కనిపెడితే ప్రతిభ అనీ, పనివాడు కనిపెడితే యాదృచ్ఛికమనీ అనడం అన్ని దేశాలలోనూ ఉన్నదే.

ఇప్పుడు అమెరికాకు వద్దాం. మసాచుసెట్స్ రాష్ట్రంలో వూస్టర్ అనే ఊరు ఉన్నది. రాసేది ‘వర్సెస్టర్’, పలికేది ‘వూస్టర్’. రాసినట్టే పలికే మన లిపికి ఆ అవస్థ లేనందుకు ఒకసారి దండం పెట్టుకుందాం. అక్కడ పుస్తకాలు, కాగితాల దుకాణం నడిపే హౌలండ్ గారి కుమార్తె ఎస్తర్ 1828లో జన్మించింది. మౌంట్ హోల్యోక్ స్త్రీ విద్యాలయంలో చదివి 1847లో పట్టం పుచ్చుకొన్నది. ఆ ఏటనే ఎమిలీ డికిన్సన్ అదే విద్యాలయంలో చేరింది. వాలెంటైను చీటీలు పంపరాదని ప్రధానాచార్యురాలు మేరీ లయన్ సభలో లేచి ఆజ్ఞాపించిందని 1848 ఫిబ్రవరిలో ఎమిలీ తన అన్నకు రాసింది. ఆ ఆజ్ఞకు ముందే 150 వరకు చీటీలు గడప దాటించేశారని కూడా చేర్చింది. ఉపాధ్యాయుల ఆజ్ఞలకు పట్టే గతి ఎక్కడైనా ఒకటేనని తెలిసి, ముప్ఫైయేళ్లు పైచిలుకు పాఠాలు చెప్పిన నేను కొంత ఊరట చెందాను.

ఎస్తర్ ఇంటికి చేరిన కొద్దికాలానికి, తండ్రితో వ్యాపార సంబంధం గల ఒకరి నుండి ఆమెకు ఇంగ్లండులో తయారైన వాలెంటైను పత్రం ఒకటి వచ్చింది. అంచున లేసు, నడుమ పూలు, చిన్న సంచీలో చీటీ. చూసి మురిసిపోయి దాచుకోవడం ఒక పద్ధతి. ఈమె మాత్రం ‘ఇంతకన్న బాగా నేను చేయగలను’ అనుకొన్నది. తండ్రి చేత కాగితపు లేసును, పూలబొమ్మలను తెప్పించుకొని పన్నెండు నమూనాలు చేసింది. దుకాణం సరుకుకై ఊళ్లు తిరిగే సోదరుడు వాటిని వెంట తీసుకుపోయాడు. రెండు వందల డాలర్ల గిరాకీ వస్తే చాలుననుకున్న అమ్మాయికి ఐదు వేల డాలర్లకు పైగా వచ్చిందని చెబుతారు. గుండ్రని అంకెలను నేను కొంచెం అనుమానంగానే చూస్తాను గాని, ఒక్క మనిషి చేయగల పని కాదని తేలిపోయినంత గిరాకీ వచ్చిన మాట నిజం. 1850 ఫిబ్రవరిలో ఊరి పత్రిక ‘స్పై’లో ఆమె ప్రకటన వెలువడింది.

ఎస్తర్ స్నేహితురాళ్లను పిలిచి, సమ్మర్ వీధిలోని తమ ఇంటి మూడవ అంతస్తులో బల్లలు వేయించింది. ఒకామె బొమ్మలు కత్తిరించి రకాల వారీగా పెట్టెలలో సర్దుతుంది. మరొకామె ముందున్న నమూనాను చూస్తూ అడుగుకాగితం అమరుస్తుంది. తర్వాతి ఆమె దానిమీద పూలు, బేగడ అంటించి పక్కకు జరుపుతుంది. మాదిరి పత్రం చేసేది, పూర్తయిన దానిని పరీక్షించేది ఎస్తరు. ఒక వస్తువును చేతులు మారుస్తూ వరుసలో పూర్తి చేసే ఈ పద్ధతిని హెన్రీ ఫోర్డు మోటారు కార్లకు పట్టించడానికి అరవై ఏళ్లకు పైగా ముందే, బంక గిన్నెలు పెట్టుకొని ఆడపిల్లలు నడిపారు.

ఆ పత్రాల కట్టుబాటు కూడా చెప్పుకోదగినది. తెల్లని లేసును తెల్లని కాగితంమీద పరిస్తే కంటికి ఆనదు. అందుకని లేసుకు వెనుక ఎరుపో, నీలమో, ఆకుపచ్చో గ్లేజు కాగితపు బిళ్ళను అంటించేవారు. రంధ్రాలలోనుండి రంగు తొంగిచూస్తుంది. పై లేసుకూ కింది కాగితానికీ నడుమ హార్మోనియం తిత్తి వలె మడిచిన కాగితపు పట్టీలు పెట్టేవారు. దానితో పై పొర లేచి నిలబడి లోపల చిన్న మంటపంలా కనిపిస్తుంది. పరుస్తే అణిగి కవరులో ఇముడుతుంది, తెరిస్తే లేస్తుంది. జర్మనీలో రాతి అచ్చుతో అనేక రంగులలో ముద్రించి, ఉబ్బెత్తు చేసి, అంచులు కోసి పంపే చిన్న బొమ్మలు గులాబీలు, పావురాలు, దేవదూతలై ఆ మంటపంలో కొలువుతీరేవి. ఒక దేశపు లేసు, మరొక దేశపు బొమ్మ, మూడవ దేశపు చేయి! ‘స్వహస్తకృతం’ అన్న మాటకు అర్థం వెతకడం అంత సులభం కాదు.

పని పెరిగిన కొద్దీ మూడవ అంతస్తు చాలలేదు. అప్పుడు ఇళ్లకు పంపారు. నమూనా, దానికి కావలసిన లేసు, బొమ్మలు అన్నీ లెక్కపెట్టి పెట్టెలో సర్ది స్త్రీల ఇళ్లకు చేరవేయడం, వారం తిరిగేసరికి పూర్తయిన పత్రాలను బండిలో తెచ్చుకోవడం. 1870లో సంస్థకు న్యూ ఇంగ్లండ్ వాలెంటైన్ కంపెనీ అని నామకరణమైంది. 1879లో గాని అది ఇల్లు విడిచి కర్మాగారానికి మారలేదు.

తెలుగు పండితుణ్ణి గనుక నాకు మిక్కిలి వినోదం కలిగించిన అంశం మరొకటి ఉన్నది. ఆ 1879లోనే ఎస్తర్ ఒక పద్యాల పుస్తకం వేసింది. ముప్ఫై ఒక్క పుటలలో 131 పద్యాలు, పలు రంగుల సిరాలలో. పత్రం నచ్చి, లోపలి పద్యం నచ్చని కొనుగోలుదారు ఈ పుస్తకం చూసి వేరొక పద్యం ఎంచుకోవచ్చు. దానిని కత్తిరించి పాతదానిపై అంటిస్తే సరి. అలంకారం స్థిరం, కవిత్వం చరం! మన అలంకార శాస్త్రకారులు విని ఉంటే ఏమనేవారో! కాని మన పెండ్లి శుభలేఖలలోని శ్లోకం సంగతీ అంతే గదా. ఏ శ్లోకం వేయాలో అచ్చాఫీసువాడిని అడిగేవారే ఎక్కువ.

ఎస్తర్ చేయించిన పత్రాల వెనుక ఎర్రసిరాతో ‘హెచ్’ అన్న అక్షరం ముద్ర ఉండేది. పాత పత్రాలు సేకరించేవారు ముందు తిప్పి వెనుకనే చూస్తారు. ఆమెకు ‘అమెరికా వాలెంటైను జనని’ అన్న బిరుదు స్థిరపడింది. బిరుదు మీద నాకు ఈర్ష్య లేదు. తండ్రి దుకాణం నీడలో ఉండి కూడా, తన బుద్ధితో ముప్ఫై ఏళ్లు వ్యాపారం నడిపిన స్త్రీ ఆమె. పెండ్లి చేసుకోలేదు. జబ్బుపడిన తండ్రిని చూసుకోవడం కోసం 1881లో సంస్థను జార్జి విట్నీకి అమ్మివేసింది. 1904లో కన్నుమూసింది. విట్నీ లేసు కాగితాన్ని యంత్రాలు పెట్టి వూస్టరులోనే తయారు చేయించాడు. అంటింపు క్రమంగా తగ్గి అచ్చు పెరిగింది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు కాగితపు కరవులో, 1942లో, ఆ సంస్థ మూతపడింది. నా మనసును పట్టుకొని వదలనిది మాత్రం ఆ ఇళ్లకు వెళ్లిన పెట్టెలు. ఎర్ర ‘హెచ్’ ఉన్నది. పొయ్యిమీద కుండ పెట్టి, పిల్లవాణ్ణి ఊయలలో వేసి, దీపం వెలుగులో ఆ బిళ్ళలంటించిన వారి అక్షరం ఏ పత్రం వెనుకా లేదు.

ఈ విషయం నన్నింతగా పట్టుకోవడానికి కారణం వూస్టరు కాదు, నర్సాపురం. పంతొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి డెల్టా పల్లెలలో ఇంటింటికీ వ్యాపించింది. మా మేనత్త అల్లేది. ఏజెంటు నూలు తూచి ఇచ్చి, అల్లిన లేసును తూచి తీసుకునేవాడు. ఉండలో గజం నూలు తగ్గినా ఆమె ముఖం మాడిపోయేది. ‘ఏం చేస్తోందత్తయ్యా?’ అని ఎవరైనా అడిగితే మా మామయ్య, ‘ఏమీ లేదు, ఇంట్లోనే కూర్చుంది’ అనేవాడు. జర్మన్ పండితురాలు మరియా మీస్ నర్సాపురపు లేసు పనివారిని గురించి 1982లో ప్రకటించిన గ్రంథంలో సరిగ్గా దీనినే పట్టుకొన్నది. గంటల తరబడి అల్లి విదేశాలకు సరుకు పంపే స్త్రీలను గృహిణులనీ, వారి శ్రమను తీరికవేళ కాలక్షేపమనీ లెక్కగట్టడం వల్లనే ఆ వ్యాపారం లాభసాటిగా సాగిందని ఆమె చూపింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది, సంతోషం.

ఇక లేని కార్డు సంగతి. గోదావరి ఒడ్డున ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్న రోజులు. జనవరి ఒకటిన పిల్లలు కార్డులు తెచ్చేవారు. కొనగలిగినవారు కొన్నవి, తక్కినవారు చేసినవి. పాత శుభలేఖలలోని వినాయకుడు, క్యాలెండరులోని గులాబీ, గ్లేజు కాగితపు నక్షత్రాలు. తుమ్మబంక ఉన్నవాడు భాగ్యవంతుడు, లేనివాడికి అన్నం మెతుకులు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె శుభలేఖ వెనుకవైపు తెల్లభాగం మీద గులాబీ అంటించి, చుట్టూ అంచుగా లేసు పట్టీ అతికించి తెచ్చింది. కాగితపు లేసు కాదు, నూలు లేసు. నడుమ ‘నూతన సంవత్సర శుబాకాంక్షలు మాస్టారూ’ అని రాసింది.

నేను జేబులోని ఎర్రకలం తీసి ‘బ’ చుట్టూ సున్న చుట్టాను. ‘ముందు ఒత్తు నేర్చుకో, తర్వాత పూలంటించుదువుగాని’ అని కార్డు తిరిగి ఇచ్చేశాను. తరగతి నవ్వింది. పిల్ల ఏమీ అనకుండా వెళ్లి కూర్చున్నది. మరునాడు నోటుపుస్తకంలో ‘శుభాకాంక్షలు’ అని పదిసార్లు రాసి చూపించింది. బాగున్నదన్నాను. ఆ కార్డు మళ్లీ తేలేదు.

వాళ్లమ్మ లేసు అల్లేదని నాకు తెలుసు. ఆ పట్టీ జానెడున్నర ఉంటుంది. తూకంలో అంత తగ్గితే ఏజెంటు ఏమంటాడో మేనత్త ఇంట పెరిగిన నాకు తెలియనిది కాదు. ఆ రోజు నా కంటికి మాత్రం ఒత్తు లేని ‘బ’ ఒక్కటే కనబడింది. వూస్టరు పత్రాల వెనుక ఎర్రసిరా ముద్రను గురించి చదివినప్పుడు, ఎన్నో ఏళ్ల తర్వాత, ఆ లేసు పట్టీ గుర్తుకు వచ్చింది.

కట్టలో మిగిలిన కార్డులు ముప్ఫై నాలుగు ఉన్నాయి. కొన్నింటి మెతుకులను పురుగు తినేసింది. గులాబీలు ఊడి ట్రంకుపెట్టె అడుగున పడి ఉన్నాయి. ఏది ఏ కార్డుదో పోల్చుకొని, ఈసారి తుమ్మబంకతో అంటిస్తూ కూర్చున్నాను.