అంచెలంచెల ఆలోచన: త్రైరాశికం నుంచి కృత్రిమ మేధ వరకు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత, కృత్రిమ మేధను సమస్యను అంచెలవారీగా సాధించమని అడిగే పద్ధతి ఎలా వచ్చిందో, దాని పరిమితి ఏమిటో మీరు వివరించగలుగుతారు.

ముందుగా ఒక లెక్క చూడండి. దేవరకొండ వైపు ఒక రైతు 3 ఎకరాల్లో పత్తి వేశాడనుకోండి. ఎకరాకు 6 క్వింటాళ్లు పండింది. ఏరినందుకు కిలోకు 12 రూపాయల కూలి. మొత్తం కూలి ఎంత? తొందరపడితే మూడు అంకెలనూ గుణించి 216 రూపాయలంటాం. నిజానికి 18 క్వింటాళ్లంటే 1,800 కిలోలు. కూలి 21,600 రూపాయలు. పొరపాటు గుణకారంలో లేదు, నడుమ ఒక మెట్టు వదిలేయడంలో ఉంది.

ఈ ప్రమాదానికి పాత గణితంలోనే ఒక కట్టుబాటు ఉంది. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసార సంగ్రహం’ రచించాడు. దాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దిలో తెలుగు చేశాడు. ఆ సంప్రదాయంలోని త్రైరాశికంలో ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అనే మూడు రాశులను వరసగా రాయాలి. ప్రమాణమూ ఇచ్ఛా ఒకే జాతివై ఉండాలి. మన లెక్కలో ప్రమాణం 1 కిలో, ఫలం 12 రూపాయలు. కాబట్టి ఇచ్ఛను కూడా కిలోల్లోకి మార్చక తప్పదు. వదిలేసిన మెట్టును నియమమే గుర్తుచేస్తుంది.

ఇక ఇటీవలి చరిత్రకు వద్దాం. భాషా మోడళ్లు వాక్యాలు చక్కగా రాసినా ఇటువంటి లెక్కల్లో తడబడేవి. 2022 జనవరిలో గూగుల్ పరిశోధకుడు జేసన్ వై బృందం, అంచెలవారీగా సాధించిన కొన్ని లెక్కలను ప్రశ్నకు ముందు చూపితే పెద్ద మోడళ్ల జవాబులు మెరుగవుతాయని తెలిపింది. అదే ఏడాది మే నెలలో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన తాకేషి కోజిమా బృందం, ఉదాహరణలేవీ లేకుండా ‘అంచెలవారీగా ఆలోచిద్దాం’ అనే అర్థం గల ఒక్క వాక్యం చేర్చింది. ఒక లెక్కల పరీక్షలో సరైన జవాబులు 17.7 శాతం నుంచి 78.7 శాతానికి పెరిగాయి. మోడల్ ప్రతి పదాన్నీ అంతకుముందు రాసినదాని ఆధారంగా ఎంచుకుంటుంది. నడిమి మెట్టు రాస్తే అది తరవాతి మెట్టుకు ఊతమవుతుంది. 2024 సెప్టెంబరులో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన ‘ఓ1’ మోడల్‌కు, అడగకుండానే ఇలా ఆలోచించేలా శిక్షణ ఇచ్చారు.

అయితే మెట్లు కనిపించినంత మాత్రాన జవాబు నిజం కాదు. 2023లో మైల్స్ టర్పిన్ బృందం, ముందుగా చూపిన ఉదాహరణలన్నిటిలో సరైన జవాబు ‘ఎ’ అయ్యేట్టు అమర్చింది. మోడళ్లు తరచుగా ఆ వరసకు లోబడి తప్పు జవాబు ఎంచుకున్నాయి. కానీ రాసిన వివరణలో ఆ సంగతి చెప్పకుండా వేరే కారణాలు చూపాయి.

216 రూపాయలంటే కూలీలే ఒప్పుకోరు. పంట రుణం వడ్డీలో జరిగే చిన్న తప్పును అంత తేలికగా పట్టలేం. అందుకే మోడల్‌ను మెట్లు రాయమని అడగండి. ప్రతి మెట్టునూ, ప్రతి కొలతనూ మీరే సరిచూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై పత్తి లెక్కలో ఇచ్ఛ ఏది? దాన్ని ఎందుకు మార్చాల్సి వచ్చింది?