మేరీ-క్లెయిర్ కింగ్

మేరీ-క్లెయిర్ కింగ్ (జననం: 1946) అమెరికన్ జన్యుశాస్త్రవేత్త, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు. కొన్ని కుటుంబాల్లో రొమ్ము క్యాన్సర్ ఒకే జన్యువులోని లోపం వల్ల తరతరాలుగా వస్తోందని నిరూపించారు. తర్వాత బీఆర్‌సీఏ1 అనే పేరు స్థిరపడింది ఆ జన్యువుకే.

ఆమె మొదట చదివింది గణితం. 1966లో కార్లెటన్ కాలేజీలో డిగ్రీ పూర్తిచేసి, సంఖ్యాశాస్త్రం చదవడానికి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ కర్ట్ స్టెర్న్ పాఠాలు ఆమెను జన్యుశాస్త్రం వైపు తిప్పాయి. ప్రయోగశాల పని పట్టుబడక, చదువు మానేద్దామనుకున్న దశలో అలెన్ విల్సన్ ఆమెను శిష్యురాలిగా తీసుకున్నారు. 1973లో డాక్టరేట్ వచ్చింది. 1975లో గురుశిష్యులు ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం మనిషి ప్రోటీన్లు, చింపాంజీ ప్రోటీన్లు సగటున 99 శాతానికి పైగా ఒకటేనని చూపింది. మరి రెండు జీవుల మధ్య ఇంత తేడా ఎందుకు? ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలో నిర్ణయించే నియంత్రణలో ఆ తేడా ఉండవచ్చని వారు ప్రతిపాదించారు. పరిణామ శాస్త్రంలో నేటికీ దారి చూపుతున్న ఆలోచన అది.

1974లో రొమ్ము క్యాన్సర్‌పై పని మొదలుపెట్టారు. ఇంత సాధారణమైన, ఇన్ని కారణాలున్న జబ్బుకు ఒక్క జన్యువును వెతకడం వృథా ప్రయాస అని అప్పట్లో చాలామంది నమ్మకం. ఇక్కడే గణితం ఆమెకు అక్కరకొచ్చింది. 1988లో ఆమె బృందం 1,579 కుటుంబాల వివరాలను విశ్లేషించి, వాటిలో సుమారు 4 శాతం కుటుంబాల్లో జబ్బు వచ్చిన తీరు ఒక ప్రబల జన్యువు ఉనికితో సరిపోతోందని తేల్చింది. జన్యువు ఉందని తెలిసింది గాని, ఎక్కడుందో తెలియదు. 146 మంది రోగులున్న 23 కుటుంబాల డీఎన్ఏను జన్యు గుర్తుల (మార్కర్ల) సాయంతో గాలిస్తే మొదట అంతా గజిబిజిగా కనిపించింది. జబ్బు బయటపడిన వయసును బట్టి కుటుంబాలను వరుసలో పెట్టగానే చిక్కు విడింది: చిన్న వయసులో జబ్బు వచ్చిన కుటుంబాల్లో జాడ 17వ క్రోమోజోమ్ దగ్గర స్పష్టంగా తేలింది, ముదిమిలో వచ్చిన కుటుంబాల్లో అది లేనే లేదు. కొత్త పరికరమేదీ రాలేదు. ఉన్న సమాచారాన్నే సరైన క్రమంలో చదివారు. ఆమె వృత్తి జీవితంలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే.

17వ క్రోమోజోమ్‌ను చూపిన ఈ 1990 ఫలితంతో, అసలు జన్యువును పట్టుకోవడానికి ప్రయోగశాలల మధ్య పోటీ మొదలైంది. 1994లో జన్యువును విడదీసింది కింగ్ బృందం కాదు, మార్క్ స్కోల్నిక్ నాయకత్వంలోని ఉటా బృందం. వారి మిరియడ్ సంస్థ దానిపై పేటెంట్లు పొందింది. ప్రకృతిలో ఉన్న డీఎన్ఏను విడదీసినంత మాత్రాన పేటెంటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది.

క్యాన్సర్ పని సాగుతుండగానే 1984లో ఆమె అర్జెంటీనా వెళ్లారు. 1976–83 సైనిక పాలనలో అపహరణకు గురైన తల్లిదండ్రుల పసిబిడ్డలను ఇతరులు పెంచుకుంటున్నారు. ఆ బిడ్డల కోసం వెతుకుతున్న ‘ప్లాజా డి మాయో’ అమ్మమ్మలు, నాయనమ్మల బృందానికి సాయం అవసరమైంది. తల్లిదండ్రులు లేనప్పుడు బంధుత్వాన్ని నిరూపించడం ఎలా? మొదట తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మల రక్తంలోని హెచ్‌ఎల్‌ఏ (రోగనిరోధక వ్యవస్థ గుర్తుల) రకాలతో బంధుత్వ సంభావ్యతను లెక్కగట్టారు. తర్వాత, తల్లి నుంచే బిడ్డకు చేరే మైటోకాండ్రియా డీఎన్ఏను వాడారు. అమ్మమ్మ ఒక్కరు బతికి ఉన్నా, లేదా ఆమె కూతుళ్లలో ఎవరున్నా సరిపోతుంది. 130 మందికి పైగా మనవలు, మనవరాళ్లు ఇప్పటివరకు తమ అసలు కుటుంబాలను తెలుసుకున్నారు. విశ్వవిద్యాలయ పరిశోధన ఇంత సూటిగా న్యాయానికి ఉపయోగపడిన సందర్భాలు అరుదు.

1995లో సియాటిల్‌కు మారాక వంశపారంపర్య చెవుడు, స్కిజోఫ్రీనియా మీద కూడా పరిశోధించారు. 2014లో లాస్కర్ పురస్కారం అందుకున్నారు. అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్‌ను 2016లో ఒబామా చేతుల మీదుగా స్వీకరించారు. లాస్కర్ సందర్భంగా ఆమె తన పాత విజయాలను తలచుకోవడానికి బదులు, ముప్పై ఏళ్ల ప్రాంతంలో మహిళలందరికీ బీఆర్‌సీఏ పరీక్ష అందుబాటులో ఉంచాలని రాశారు. ఇజ్రాయెల్‌లో ఆమె పాల్గొన్న అధ్యయనంలో, జన్యులోపమున్న కుటుంబాల్లో దాదాపు సగానికి అనుమానించదగ్గ క్యాన్సర్ చరిత్రే లేదు. కుటుంబం చిన్నదైనా, లోపం తండ్రి వైపు నుంచి వచ్చినా, ఆ మహిళకు తనకున్న ముప్పు తెలిసే అవకాశమే ఉండదు.