మూసిన గుంటలు: దిగువ కృష్ణా స్త్రీల ఆటల్లో ఓటమి

ఆడవాళ్ల కోసం వీడియోగేమ్ చేసిపెట్టమని నా దగ్గరికి వచ్చినవాళ్లలో గట్టి ఆట కావాలన్నవారు ఒక్కరూ లేరు. మెత్తగా ఉండాలి, ఓడినా మనసు నొచ్చుకోకూడదు అనేవారు. ఆ మాట మనసులో పెట్టుకునే నాగాయలంకలో ఒక అరుగు మీద వామనగుంటలు చూస్తూ కూర్చున్నాను. రెండో ఆటలో మనవరాలు తొందరపడి పిక్కలు తీయబోయింది. "నాలుగు గుంటలదానివి, ఏడు గుంటలదానిలా ఆడతావేమే?" అంది అమ్మమ్మ. ఆ మెత్తదనం మీద నా అనుమానం అక్కడ పుట్టింది.

నేను చూసినంతలో మన జానపద పరిశోధన ఈ ఆటను 'ఆడపిల్లల ఆటలు' అనే శీర్షిక కింద వేసి ఊరుకుంది. అంతకంటే లోతైన పొరపాటు అమెరికన్ గేమ్ డిజైనర్ బ్రెండా లారెల్‌ది. ఆమె బాలికల ఆటతీరును ఏళ్ల తరబడి పరిశీలించి, 1996లో వాళ్ల కోసం వీడియోగేమ్‌లు చేసే పర్పుల్ మూన్ సంస్థ పెట్టింది. మగపిల్లలు బాహాటంగా, స్కోరు కోసం పోటీపడతారనీ, ఆడపిల్లల పోటీ స్నేహాల చాటున, ఎవరిని కలుపుకోవాలి ఎవరిని వెలివేయాలి అన్నదాంట్లో ఉంటుందనీ తేల్చింది. 1997లో వచ్చిన ఆ సంస్థ ఆట 'రాకెట్స్ న్యూ స్కూల్' ఆ సూత్రం మీదే నడిచింది. 1999లో సంస్థ మూతపడి బొమ్మల కంపెనీ మాటెల్ చేతికి పోయింది, సూత్రం మాత్రం బతికిపోయింది. ఆమె చూసింది అమెరికా పిల్లల్ని మాత్రమేనన్నది నిజమే, కానీ నా దగ్గరికి వచ్చినవాళ్లు కోరిన మెత్తదనంలో వినిపించేదీ ఆ సూత్రమే.

ఇప్పుడు అరుగు మీదికి వద్దాం. నేను చూసిన పద్ధతిలో ఇద్దరికీ ఏడేసి గుంటలు, గుంటకు ఐదేసి, మొత్తం 70 పిక్కలు. మొదటి ఆట ముగిసేసరికి ఒకామెకు 47, ఇంకొకామెకు 23 వచ్చాయనుకుందాం. రెండో ఆటకు మొదటామె ఏడు గుంటలూ నింపుకుని పన్నెండు పక్కన పెట్టుకుంటుంది. ఓడినామె నాలుగు నింపగలదు, మూడు పిక్కలు చేతిలో మిగులుతాయి. నిండని మూడు గుంటలూ మూతపడతాయి. మరో రెండు పిక్కలు పైకి సంపాదిస్తేనే ఐదో గుంట తెరుచుకుంటుంది. అంటే ఈ ఆటలో ఓటమి తుడుచుకుపోదు, బాకీలా రెండో ఆటలోకి వస్తుంది. ఉన్న నాలుగు గుంటల్లో దేన్ని తీస్తే ఆఖరి పిక్క ఎక్కడ పడుతుందో, దాని పక్కది ఖాళీయో కాదో, అవతలి గుంటలో ఎన్ని దక్కుతాయో ముందే లెక్కకట్టాలి. ఆ అమ్మమ్మ చేయి పిక్కల్ని తాకకముందే ఆమె చూపు పద్నాలుగు గుంటలూ చుట్టివచ్చేది. ఇందులో చాటుమాటు ఏముంది? ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో వీధిలో పోయేవాళ్లకు కూడా కనిపిస్తుంది.

ఫోన్ ఆటలోనూ ఈ బాహాటపు పోటీ ఉంది. మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేసుకునే ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒకే ఫోన్ చుట్టూ చేరి లూడో ఆడటం చూశాను. "చంపేశానే నీ కాయని!" అన్న కేక గది దాటి వినిపించింది. అష్టాచమ్మా నాటి కేకే అది.

2012లో వచ్చిన ఫోన్ ఆట క్యాండీ క్రష్ ఈ రెంటికీ పూర్తిగా ఎదురు. ఐదు ప్రాణాలు, పోయినది అరగంటకొకటి చొప్పున తిరిగొస్తుంది, ఆగలేనివాళ్లు స్నేహితుల్ని అడగాలి, లేదా డబ్బు కట్టాలి. ఓటమిలో ఆలోచించాల్సింది తీసేసి ఎదురుచూపులు మిగిల్చారు, ఆ ఎదురుచూపులకు మళ్లీ ధర కట్టారు. ఆడవాళ్లు ఓటమిని మోయలేరన్న నమ్మకం లేనిదే ఇలాంటి ఆట రాదనిపిస్తుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దాదాపు సర్వం పోగొట్టుకుని, మిగిలినదాంతో మళ్లీ మొదలుపెట్టిన ఈ దివిసీమ ఆడవాళ్లకు ఆ నమ్మకం అవమానమే. క్యాండీ క్రష్ లాంటి తేలిక ఆటలకు పెట్టిన 'కాజువల్' అన్న వర్గమే ఆడవాళ్ల ఆటను తక్కువ చేయడానికి పుట్టిందని నా అభిప్రాయం.

గుడివాడలో కొందరు డిగ్రీ విద్యార్థినులకు నేను తయారుచేసిన వామనగుంటల నమూనాను ఫోన్‌లో ఇచ్చాను. ఓడాక మళ్లీ సమానంగా మొదలయ్యేలా 'కొత్త ఆట' బటన్ పెట్టాను. నేనూ ఆ మెత్తదనానికే అలవాటుపడ్డాను కదా. ఒకమ్మాయి అది నొక్కింది. ఏడు గుంటలూ ఐదేసితో నిండి కనిపించేసరికి నావైపు తిరిగి, "ఇదేంటండీ, నాకు మిగిలినవి పదహారేగా?" అంది.