వార్తలో ఆప్తుడెవరు?



"ఆ చానెలు ఫలానా పార్టీది, ఈ చానెలు ఫలానా నాయకుడిది" అనే మాట ఇప్పుడు బడిపిల్లల నోట కూడా వినిపిస్తున్నది. ప్రైవేటు చానెళ్లు వచ్చిన తరువాతనే ఈ జాడ్యం పుట్టిందనీ, పూర్వం వార్త అంటే వేదవాక్కుగా ఉండేదనీ నా వయసువారు తరచు వాపోతుంటారు. ఆ మాట చరిత్రకు నిలిచేది కాదని నా అభిప్రాయం.

మన న్యాయశాస్త్రం శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరించింది గాని, ఎవరు పలికిన శబ్దాన్నయినా కాదు. అది ఆప్తుని వాక్యమై ఉండాలి. ఆప్తుడంటే ఇక్కడ చుట్టమని అర్థం కాదు. విషయాన్ని ఉన్నదున్నట్లు ఎరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పగోరేవాడు ఆప్తుడు. ఈ రెండింటిలో ఏది లోపించినా ఆ వాక్యం ప్రమాణం కాదు. మన ప్రసార వార్తలను ఈ గీటురాయి మీద గీసి చూద్దాం.

దూరదర్శన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. 1976లో విడివడే వరకు అది ఆకాశవాణిలో భాగమే. రెండూ ప్రభుత్వ శాఖలే. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించాక ఆ సంస్థలు ఏలినవారి దండోరాగా మారాయి. 1977 ఫిబ్రవరి 6 ఆదివారం నాడు ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో జగ్జీవన్ రామ్ ప్రభృతుల సభ జరిగింది. జనం సభకు పోకుండా ఇళ్లలోనే కూర్చోవాలని ఆ సాయంత్రం దూరదర్శన్ 'బాబీ' చిత్రం వేసిందని ప్రసిద్ధి. అయినా మైదానం నిండింది.

అప్పుడు నేను విద్యార్థిని. మా ఊళ్లో టీవీ లేదు, రేడియో ఒక్కటే. ఉదయం ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు విని, అందులో చెప్పనిదేమిటో పెద్దలు అరుగుల మీద ఊహించుకొనేవారు. వార్తను విని నమ్మడం కాక, విని విప్పుకోవడం మాకు అలవాటైంది.

ఆ ఎన్నికలలో ప్రభుత్వం మారింది. 1977 ఆగస్టులో, అత్యవసర పరిస్థితిలో ప్రసార సాధనాల దుర్వినియోగంపై కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం వెలువరించింది. బి.జి.వర్గీస్ అధ్యక్షతన నియమించిన సంఘం 1978లో 'ఆకాశ భారతి' పేరుతో స్వతంత్ర జాతీయ న్యాసాన్ని సూచించింది. ఆ మేరకు 1979లో వచ్చిన బిల్లు సంఘం కోరినంత స్వాతంత్ర్యం ఇవ్వలేదు. అదైనా చట్టం కాకుండానే లోక్‌సభ రద్దయింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు స్వేచ్ఛ కోరడం, పీఠమెక్కాక దానిని వాయిదా వేయడం ఒక్క పార్టీ గుణం కాదు.

1984 అక్టోబరు 31 నాటికి నేను ఉపాధ్యాయ వృత్తిలో కొత్తగా చేరాను. ఇందిరాగాంధీపై కాల్పులు ఉదయమే జరిగాయి. ఆమె మరణించిన సంగతిని బీబీసీ చెప్పిన గంటల తరువాత, సాయంత్రానికి గాని ఆకాశవాణి ప్రకటించలేదు. మన ప్రధాని మరణవార్తకు మనం లండన్ వైపు చెవి ఒగ్గవలసి వచ్చింది. ఎరిగి కూడా చెప్పనివాడు ఆప్తుడెలా అవుతాడు?

ప్రసార భారతి చట్టం 1990లో పార్లమెంటు ఆమోదం పొందినా, 1997 దాకా అమలులోకి రాలేదు. ఈ మధ్యలో, 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారాల తగాదా సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరి 9న వెలువడిన తీర్పు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అన్నది. వాటిని నియంత్రించేందుకు స్వతంత్ర సంస్థను ఏర్పరచమని కేంద్రాన్ని ఆదేశించింది. పూర్వం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి ఆ తీర్పులో తమ ప్రత్యేక అభిప్రాయం రాస్తూ, ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత అనర్థమో ప్రైవేటు గుత్తాధిపత్యమూ అంత అనర్థమేనని హెచ్చరించారు. ఆ రెండవ మాటను మనం చెవిని పెట్టలేదు.

అదే 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. 2000 తరువాత ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా చానెళ్లు వరుసకట్టాయి. 1997లో పార్లమెంటులో ప్రవేశపెట్టిన ప్రసారాల బిల్లు ఆ ఏడాదే లోక్‌సభతో పాటు గతించింది. చానెళ్లకు అనుమతినిచ్చే అధికారం నేటికీ కేంద్ర సమాచార ప్రసార శాఖదే. కోర్టు కోరిన స్వతంత్ర సంస్థ జాడ లేదు. ప్రకటనల రాబడి రేటింగులను బట్టి, రేటింగులు తొందరను బట్టి ఉండడంతో, పూర్తిగా ఎరగకముందే చెప్పడం కొత్త వ్యాధి అయింది. పాతకాలంలో లోపించినది ఆప్తుని రెండవ లక్షణం. ఇప్పుడు మొదటిది కూడా లోపిస్తున్నది.

నన్ను ఎక్కువగా బాధించే భేదం మరొకటి ఉంది. ఆనాడు అందరం ఒకే వార్తను అనుమానించేవాళ్లం కనుక, ఆ అనుమానమే అరుగు మీద మమ్మల్ని కలిపేది. ఈనాడు ఎవరి చానెలు వారికి ప్రమాణం, ఎదుటివాని చానెలు మాత్రమే అబద్ధం. మా వీధిలో ఒకే గోడకు ఇరువైపులా కాపురమున్న అన్నదమ్ములు రెండు చానెళ్లు చూస్తారు. ఊరి చెరువు గట్టు ఎందుకు తెగిందో కూడా వారిద్దరికీ ఏకాభిప్రాయం లేదు. గట్టు మాత్రం అక్కడే ఉంది. నడిచి వెళితే పావుగంట.