మండువాయింటి మనోవర్తి

మొన్నటి వేసవిలో కోనసీమయందలి మా పూర్వుల మండువా లోగిలిని విప్పించవలసి వచ్చినది. వాసములను చెదలు తినివేసినవి; పెంకు నిలుచుట లేదు; అన్నదమ్ములలో ఒక్కరమైనను అక్కడ కాపురముండువారము కాము. కొన్నవాడు కలపకొరకే కొన్నాడు. అటకమీది సామాను దింపి పంచుకొనుటకు మేమును మా యక్కగారును రెండు దినములక్కడ నుంటిమి. గంగాళములకును బిందెలకును తగవేమియు రాలేదు. తుదకు ఎవ్వరును కోరని వస్తువులు రెండు మిగిలినవి. ఒకటి అడుగు సొట్టపోయిన యిత్తడి తవ్వ; రెండవది తాళములేని చిన్న రేకుపెట్టె. ఈ నాలుగు మాటలును వానిని గూర్చియే.

మా బాల్యము 1980 తరువాతి దశాబ్దమునకు చెందినది. ఆ దినములను తలచుకొని నిట్టూర్చుట మా యీడువారికి వాడుక. ఇంతవరకు మేమును అట్టివారమే. తెల్లవారుజామున నూతిగిలక చప్పుడుతో మెలకువ వచ్చెడిది. ఆ వెనుక కవ్వపుచప్పుడు. పెరటిలో దాలిగుంటయందు పిడకలసెగమీద మట్టికుండలో పాలు ప్రొద్దంతయు కాగి, సాయంత్రమునకు ఎఱ్ఱని మీగడ కట్టెడివి. ఆ మీగడరుచి తిరిగి మాకెన్నడును తగులలేదు. వానకాలమున నాలుగువైపుల పెంకునుండి నీరు మండువాలోనికి ధారగట్టుచుండగా, చావడిలో గూర్చుండి కాగితపుపడవలు విడిచెడివారము. కొబ్బరిమట్టలు, డొక్కలు, ఎండుకమ్మలు మా యింటి వంటచెఱకు. వాని పొగవాసన యిప్పటికిని ఎక్కడ తగిలినను మా మనస్సు వెనుకకు పరుగెత్తును. ఆ పొగ వంటసాలలో గూర్చున్నవారి కన్నులలోనికి, ఊపిరితిత్తులలోనికి పోవుచుండెనను మాట మాత్రము మాకు పెద్దయైన తరువాతగాని తోచలేదు. మా యింటికి గ్యాసుపొయ్యి 1988లో వచ్చినది. పేదయిండ్ల స్త్రీలకు దీపము పథకము క్రింద ప్రభుత్వము గ్యాసు నిప్పించుట 1999లో మొదలైనది.

ఆ పొగలో గూర్చుండినది ముఖ్యముగా మా తాతగారి యప్పగారు. ఆమెను మేము పెద్దమామ్మ యనెడివారము. వంట, మడి, ఊరగాయలు, అప్పడములు, పురుళ్లు, పథ్యములు అన్నియు ఆమె చేతిమీదనే నడిచెడివి. రవిక యెఱుగని తెల్లచీర, తలమీద ముసుగు. ఆ ముసుగుక్రింద జుట్టు లేదని మేము చాలకాలమెఱుగము. ఎఱిగిననాడు మాకు నవ్వు వచ్చినది. ఆ నవ్వును ఇప్పుడు తలచుకొనుటకు సిగ్గగుచున్నది.

తవ్వయన నేమో నేటి పిల్లలెఱుగరు. మా తరగతిలో నొకసారి అడుగగా, గొయ్యి త్రవ్వుటకు పనికివచ్చు సాధనమని యొక బాలుడు చెప్పెను! రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచము. నాలుగు కుంచములు తూము. ఇరువది తూములు పుట్టి. తూనికలు కొలతలనుగూర్చిన చట్టము 1956లో వచ్చినది. 1957 ఏప్రిల్ 1వ తేదీనుండి అణాలకు మారు నయాపైసలు వచ్చినవి. బజారు కిలోలకు మారినను, ముప్పదియేండ్లకును మా వంటసాల మాఱలేదు. ఉదయము పెద్దమామ్మ బియ్యపుకుండ దగ్గఱ నిలిచి, ఇంటిల్లిపాదిని మనస్సులో లెక్కించుకొని, తవ్వతో కొలిచి పోసెడిది. చుట్టములు వచ్చిననాడు తవ్వకు గోపురము పెట్టెడిది. తనపాలు మాత్రము వేఱుగా, మడిగిన్నెలో, ఒక్క సోలెడు. అదియు పగటిపూట నొక్కమారే. రాత్రికి ఉప్పుడుపిండియో, అటుకులో. ఏకాదశినాడు అదియును లేదు.

ఆమె 1910లో పుట్టినది. ఏడవయేట పెండ్లి, తొమ్మిదవయేట వైధవ్యము. అది 1919వ సంవత్సరము. ఆ యేడే మే 27న వీరేశలింగము పంతులుగారు చెన్నపట్టణమున కాలధర్మము నొందిరి. వారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. వితంతువు మఱల పెండ్లాడిన చెల్లునని చట్టము పుట్టినది అంతకు ముందే, 1856లో. రాజమహేంద్రవరము మా యూరికి మిక్కిలి దూరము కాదు. గోదావరి కాలువలమీద పడవలు నడిచిన కాలమది. ధాన్యము, కొబ్బరికాయలు ఆ పడవలమీద పోయినవి. పుస్తకములు, పత్రికలు వచ్చినవి. మా ముత్తాతగారి పెట్టెలో పంతులుగారి గ్రంథములు రెండు మేమే చూచితిమి. చదివినట్లు పుటలయందు గుర్తులును కలవు. అయినను తొమ్మిదేండ్ల బిడ్డ పుట్టినింటికి తిరిగివచ్చి, వంటసాలలో ప్రవేశించి, డెబ్బది సంవత్సరములక్కడనే యుండెను. బాల్యవివాహములను నిషేధించిన శారదా చట్టము 1929లో వచ్చునప్పటికి ఆమె పంతొమ్మిదేండ్ల పాతవితంతువు.

ఇక రేకుపెట్టె సంగతి. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మా ప్రాంతమువారు మఱువజాలరు. ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పాఱినది. గట్లు తెగినవను వార్త రాగానే ఊరివారందఱము బడిమేడమీదికి చేరితిమి. ఎవరి చేతికందినది వారు తెచ్చుకొనిరి. మా నాయనగారు రేడియో తెచ్చిరి. అమ్మ వెండిగిన్నెలు తెచ్చినది. పెద్దమామ్మ చంకలో రేకుపెట్టె నిఱికించుకొని వచ్చినది. అక్కడ అన్నికులములవారికిని ఒక్క డేగిసాలో వండిరి. ఆమె దానిని ముట్టక రెండుదినములు కొబ్బరినీళ్లతో గడపినది. పెట్టెలో సున్నుండలున్నవని పిల్లలము పందెము వేసికొంటిమి. ‘ఏముందే మామ్మా అందులో?’ యని అడుగగా, ‘నా మొగుడురా’ అని నవ్వినది. ఆ మాట మాకర్థము కాలేదు.

మొన్న అటకమీదినుండి దింపి ఆ పెట్టె తెఱచితిమి. లోపల నొక స్టాంపు కాగితము తప్ప మఱేమియు లేదు. అది 1931 నాటి మనోవర్తి దస్తావేజు. అత్తింటివారు ఆమె జీవనమునకై 1 ఎకరము 30 సెంట్ల భూమిని విడిచిరి. బ్రదికినంతకాలము ఫలసాయము అనుభవించుటకే గాని, అమ్ముటకును దానమిచ్చుటకును హక్కులేదని అందు వ్రాసియున్నది. ఆమె ‘మొగుడు’ ఇది!

మాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ప్రతి సంక్రాంతికిని నదికావలి గ్రామమునుండి ఒక బండి వచ్చెడిది. పన్నెండు బస్తాల ధాన్యము మా గాదిలో పోసి, బండివాడు భోజనముచేసి పోయెడివాడు. అది కౌలుధాన్యమని తెలియును, ఎవరిదని మేమడుగలేదు. బడిపంతులము గనుక లెక్క వేయకుండ నుండలేకపోతిమి. బస్తా 75 కిలోలు. పన్నెండు బస్తాలు 900 కిలోలు. దంపినపిమ్మట బియ్యము సుమారు 600. పెద్దమామ్మ తినునది దినమునకొక సోల, అనగా పావుకిలోకు మించదు. ఏడాదికి నూఱు కిలోలు దాటదు. మిగిలిన అయిదువందల కిలోలును మేము తింటిమి. అయినను మా యింట నెల్లప్పుడును వినబడిన మాట, ‘పాపము, దిక్కులేనిది, మనమే పోషించుచున్నాము’ అని.

అంతటితో ముగిసినను బాగుండెడిది. హిందూ వారసత్వ చట్టము 1956లో వచ్చినది. అందలి 14వ సెక్షను ప్రకారము హిందూస్త్రీ స్వాధీనమందున్న ఆస్తికి ఆమె సంపూర్ణ హక్కుదారు. మనోవర్తికై యిచ్చిన భూమికి దస్తావేజులో ఎన్ని నిర్బంధములు వ్రాసికొన్నను అవి నిలువవని, మన ఆంధ్రదేశమునుండియే పోయిన తులశమ్మ, శేషారెడ్డిగార్ల వ్యాజ్యములో 1977లో సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిరి. కాబట్టి ఆ చెక్క మా పెద్దమామ్మ సొంతము. అమ్మదలచిన అమ్మవచ్చును, ఎవరికైన వ్రాసి యీయవచ్చును. ఈ సంగతి ఆమెకు ఎవ్వరును చెప్పలేదు. ఆమెకు చదువురాదు. మా తాతగారికి వచ్చును. వారు 1984లో గ్రామాధికారుల పదవులు రద్దగువఱకు కరణీకము చేసినవారు. భూమిపత్రములే వారి వృత్తి. వారికి తెలియదనుటకు మాకు నోరురాదు. తెలిసి ఊరకుండిరనుటకును నోరాడదు, ఏలన వారి ఒడిలోనే మేము అక్షరములు దిద్దితిమి. అత్తింటివారితో తగవేల యనుకొనిరేమో. లేక గాదిలోని పన్నెండు బస్తాలు తలపునకు వచ్చెనేమో.

1987లో మా యక్కగారు పదవతరగతి మంచి మార్కులతో నెగ్గిరి. కాకినాడలో ఇంటర్మీడియేటు చదువవలెనని ఆమె పట్టుదల. ఆ యేడు ఇంట డబ్బు లేదు. వరదకు కొబ్బరితోట పాడైనది. అదియు నిజమే. ఒక సాయంత్రము వంటసాల గడపలో గూర్చుండి పెద్దమామ్మ మా తాతగారితో అన్నమాట మాకు బాగుగా జ్ఞాపకమున్నది: ‘ఒరే తమ్ముడూ, ఆ చెక్క నాదే అయితే ఈపాటికి అమ్మి దీన్ని చదివిద్దును గదరా.’ తాతగారు బదులు పలుకలేదు. వక్కపలుకు నోట వేసికొని వీధిలోనికి పోయిరి. మఱుసటి మాఘములో అక్కగారికి పెండ్లియైనది. పెద్దమామ్మ 1989లో పోయినది. ఆమెకు సంతానము లేదు గనుక భూమి అత్తింటివారసులకు చేరినది. మఱు సంక్రాంతికి బండి రాలేదు.

ఆ కాగితమును మేము గట్టిగా చదివి, చట్టము సంగతి వివరించినపుడు అక్కగారు చాలసేపు మాటాడలేదు. ఏడ్చునేమోయని భయపడితిమి, ఏడ్వలేదు. ‘మామ్మకు తెలియకుండానే పోయింది గదా’ యని ఒకమారనినది. ‘ఇప్పుడా చెక్కలో ఏముంది?’ అని మఱి కొంతసేపటికి అడిగినది. చేపలచెఱువు త్రవ్విరని చెప్పితిమి. ఆమె లేచి తవ్వను కొంగుతో తుడిచి సంచిలో వేసికొనినది. రేకుపెట్టె మావద్దనే యున్నది.