కొలువులో పంచె: విశాఖ రేవు నుంచి ఉక్కు గేటు దాకా

విశాఖపట్నంలో మగవాళ్ళు పనికి పంచె మానేసి ప్యాంటు ఎందుకు తొడిగారని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఇంగ్లీషువాడు వచ్చి తొడిగించాడన్నది ఒకటి. యంత్రాలొచ్చాయి, పంచె అంచు వాటిలో చిక్కుకుంటుంది కాబట్టి పోయిందన్నది రెండోది. స్వర్ణోత్సవ సంచికల్లో, పదవీ విరమణ సభల్లో ఈ రెండింటినీ కలిపి ఒకే కథగా చెప్పేస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది. పక్కన తేదీలు పెట్టి చూస్తే మాత్రం మొదటి జవాబు నిలవదు, రెండోది సగమే నిలుస్తుంది.

తొలి రోజుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ కోఠీ పెట్టింది బట్ట కొనడానికే గాని మనకు బట్ట తొడగడానికి కాదు. ఉత్తర సర్కారుల పుంజం బట్టలు ఓడలెక్కి పోయాయి. ఊళ్ళో మగవాడి ఒంటిమీద ఉన్నది కుట్టని గుడ్డే. పొలంలో దిగినవాడు దాన్ని గోచీగా బిగించేవాడు, లెక్కలు రాసేవాడు కుచ్చిళ్ళు పోసి మడమల దాకా వదిలేవాడు. పనిని బట్టి, కులాన్ని బట్టి, చేతిలో డబ్బును బట్టి కట్టు మారేది. పొందూరు సన్న ఖద్దరు కట్టే స్తోమత కొందరిదే.

ఇంగ్లీషువాడి సంగతికి వద్దాం. కలెక్టరు కచేరీల్లో గుమాస్తాలు దాదాపు నూరేళ్ళు పంచె మీద మూసిన కోటు, తలకు పాగా పెట్టుకుని పనిచేశారు. దొరల పట్టింపు అంతా పాగా మీద, చెప్పుల మీద. ఎదుటికి వచ్చినవాడు చెప్పులు విడవాలా వద్దా అని 19వ శతాబ్దమంతా తగవులు నడిచాయి. నల్లవాడు ప్యాంటు తొడగలేదని బాధపడిన దొరలు తక్కువ, తొడిగాడని చిరాకుపడినవారే ఎక్కువ. పాలించేవాడూ పాలితుడూ బట్టల్లో వేరుగా కనిపించడమే వాళ్ళకు కావాలని బెర్నార్డ్ కోన్ వంటి చరిత్రకారులు వివరంగా రాశారు. ప్యాంటు తొడిగిన దేశీయుడు వాళ్ళ కంటికి హద్దు మీరినవాడు. పోలీసు కానిస్టేబుల్‌కి కూడా ఇచ్చింది నిక్కరే.

తర్వాత 1921లో గాంధీ మదురైలో కొల్లాయి గుడ్డతో సరిపెట్టుకున్నాక, పంచె మరీ బలపడింది. ఖద్దరు పంచె దేశభక్తికి గుర్తయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ పంచె, పొడవు కోటు, తలపాగాతోనే కొలువు చేశారు, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం చెప్పినప్పుడూ తలపాగా విడవలేదు. వాల్తేరులో చదువుకున్న కుర్రవాడికి పెద్ద ఉద్యోగమంటే కళ్ళ ముందు కనిపించిన రూపం అదే. దొరల రాజ్యం ఉన్నన్నాళ్ళూ ఈ ఊళ్ళో పంచె కొలువుకు పనికిరానిది కాలేదు.

రేవు 1933లో తెరుచుకుంది. అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ లోపలికి వచ్చింది, డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. ఆనాటి పెద్ద ఎగుమతి మాంగనీసు ఖనిజం. గంపల్లో తలల మీద మోసేవారు, మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళూ మోసేవారు. ఆ దుమ్ము బూడిదా కాదు, బొగ్గూ కాదు, పట్టిందంటే ఉతుకుడుకు లొంగదు. కలాసీలు ముతక గుడ్డ గోచీలో, పొట్టి లాగులో, గళ్ళ లుంగీలో కనిపించేది అందుకే. తెల్ల పంచె రేవులో ఎప్పుడూ మేస్త్రీ దగ్గరే ఆగింది. ఇది గుర్తుపెట్టుకోవాలి: పంచె పోయిందని మనం విచారించేటప్పుడు ఎవరి పంచె అని అడగం. కూలివాడికి పొడవాటి పంచె ఎన్నడూ పనిబట్ట కాదు.

లుంగీ బర్మా నుంచి వచ్చిందని ఇక్కడ అందరూ అంటారు. అందుకు కారణం లేకపోలేదు. ఉత్తరాంధ్ర నుంచి వేలమంది రంగూను రేవులో కూలికి వెళ్ళారు, 1930లో అక్కడి రేవులోనే వాళ్ళమీద దాడులు జరిగాయి, 1942లో నడిచి తిరిగొచ్చినవాళ్ళున్నారు, 1960లలో మరో విడత వచ్చి విశాఖలో బర్మా క్యాంపు వెలిసింది. అయితే గళ్ళ గుడ్డ వాళ్ళతోనే తొలిసారి వచ్చిందనడం సరికాదు. చోళమండల తీరపు మగ్గాల మీద నేసిన గళ్ళ కైలీలు అంతకుముందు వందల ఏళ్ళుగా ఇక్కడి నుంచే తూర్పు దేశాలకు వెళుతున్నాయి. పులికాట్ పేరు మీద ఒక రకం సరోంగ్ మలయా, జావాల్లో నేటికీ చెలామణి అవుతోంది. మనం పంపిన గుడ్డే బర్మా వెళ్ళినవాడి నడుముకు చుట్టుకుని తిరిగొచ్చింది.

ఇక యంత్రం. పంచె యంత్రానికి పడదనేవారు మిల్లుల చరిత్రను మరిచిపోతున్నారు. బొంబాయిలో నూలు మిల్లులు 1850లలో మొదలయ్యాయి. పట్టీలు, కప్పీలు, తిరిగే ఇరుసులు, అన్నీ ఉన్నాయి. కార్మికుడు ధోవతిని మోకాలి పైకి ఎగగట్టి, వెనక బిగించి, దశాబ్దాల తరబడి వాటి మధ్యనే తిరిగాడు. మన దగ్గర చిట్టివలస, నెల్లిమర్ల జూట్ మిల్లులు విశాఖ రేవు కంటే ముందువి. యంత్రం వచ్చిన రోజే పంచె పోవలసి ఉంటే ఎప్పుడో పోయేది. ప్రమాదాలు జరగలేదని నేననడం లేదు, జరిగాయి. ప్రమాదం ఒక్కటే బట్టను మార్చదని మాత్రం అంటున్నాను. కార్మికుడి ప్రాణానికి విలువ కట్టే చట్టం, ఆ బట్ట ఖరీదు పెట్టుకునే యజమాని తోడైతే తప్ప అది మారలేదు.

స్కాట్లండు వారి కిల్టు కథ ఇక్కడ ఆలోచించదగ్గది. ఒంటికంతా చుట్టుకునే పొడవాటి దుప్పటిని నడుము దగ్గర కత్తిరించి పొట్టి కిల్టుగా మార్చింది థామస్ రాలిన్‌సన్ అనే ఇంగ్లీషు ఇనుప వ్యాపారి అనీ, 1720ల ప్రాంతంలో తన కొలిమిలో పనిచేసే కొండజాతి వాళ్ళకు వీలుగా ఉండాలని అలా చేశాడనీ చరిత్రకారుడు హ్యూ ట్రెవర్ రోపర్ 1983లో రాశాడు. స్కాట్ పండితులు చాలామంది ఒప్పుకోరు, పొట్టి కిల్టు అంతకుముందే ఉందంటారు. ఆ తగవు వాళ్ళకే వదిలేద్దాం. ఇనుము కరిగే చోట కుట్టని గుడ్డ నిలవదన్న మన నమ్మకం మాత్రం దీనితో బీటలు వారుతుంది. అక్కడ కిల్టుకు అసలు ముప్పు తెచ్చింది కొలిమి కాదు, తిరుగుబాటు తర్వాత 1746లో పార్లమెంటు చేసిన నిషేధ చట్టం. అది 1782 దాకా అమలులో ఉంది. మనకు అలాంటి నిషేధమేదీ రాలేదు. వచ్చి ఉంటే బహుశా పంచె కోసం పోరాడేవాళ్ళం.

మరి ఏం జరిగింది? నా లెక్క ప్రకారం అసలు మార్పు 1943కీ 1975కీ మధ్య జరిగింది, అందులో సింహభాగం దొరలు వెళ్ళాకే.

ముందు బట్ట కరువు. యుద్ధకాలంలో, 1943లో, నూలు గుడ్డల మీద నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. గుడ్డ రేషను అయినప్పుడు నాలుగు గజాల పంచె విలాసం, గజం చిల్లరతో అయ్యే నిక్కరు పొదుపు. ఇంట్లో కుర్రవాళ్ళు అలా నిక్కర్లలో పెరిగారు. వాళ్ళే 1950లలో ఉద్యోగాలకు వచ్చారు. దీన్ని నేను ప్రధాన కారణమనను, నియంత్రణ తీసేశాక పంచె కొన్నవాళ్ళు మళ్ళీ కొన్నారు. కాని అప్పటికే అలవాటు సడలింది.

తర్వాత 1948. ఆ ఏడాది మార్చి 14న నెహ్రూ సింధియా నౌకా నిర్మాణ కేంద్రంలో జల ఉష ఓడను నీళ్ళలోకి దింపాడు. అదే ఏడాది ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. అందులో 22వ సెక్షను, తిరుగుతున్న యంత్రం దగ్గర పనిచేసేవాడు ఒంటికి బిగుతుగా ఉండే దుస్తులు వేసుకోవాలంది. యంత్రం వాదాన్ని నమ్మేవారు ఇక్కడిదాకా చదివి ఆగిపోతారు. అదే వాక్యంలో తర్వాత మరో షరతు చేరింది: ఆ దుస్తులు యాజమాన్యమే ఇవ్వాలి. చట్టం ప్యాంటు అనలేదు, పంచె వద్దనలేదు. పైగా ఆ నిబంధన ప్రత్యేక శిక్షణ పొందిన, రిజిస్టరులో పేరున్న కొద్దిమందికే. దాన్ని ఫ్యాక్టరీ అంతటికీ పాకించింది చట్టం కాదు.

ఎవరు పాకించారంటే, కొంత యాజమాన్యం, ఎక్కువ యూనియన్లు అంటాను. సింధియా కేంద్రం 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డుగా ప్రభుత్వ చేతికి వచ్చింది. 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం, 1960లలో భారీ ఉక్కు పలకలతో పీడన పాత్రలు చేసే బీహెచ్‌పీవీ, కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ వచ్చాయి. ప్రభుత్వరంగంలో యూనిఫాం గుడ్డ, కుట్టుకూలి, బూట్లు, సబ్బు వేతన ఒప్పందాల్లో అంశాలయ్యాయి. ఏడాదికి ఎన్ని జతలు, ఏ రంగు, కుట్టుకూలి ఎంత అని బేరాలు నడిచాయి. ఖాకీ ప్యాంటు, నీలం చొక్కా కార్మికుడి మీద ఎవరో రుద్దినవి కావు, అతను సాధించుకున్న జీతంలో భాగం. కంపెనీ గుడ్డ ఒంటిమీద ఉందంటే ఉద్యోగం పర్మినెంటు అని అర్థం. పెళ్ళి సంబంధాలు ఆ గుడ్డను చూసి కుదిరాయి. కాంట్రాక్టు కూలి పక్కనే లుంగీలో ఉండేవాడు. తేడా యంత్రానికి దగ్గరా దూరమా అన్నది కాదు, హాజరు పట్టీలో పేరుందా లేదా అన్నది.

ఒక్క యూనిఫాంతోనే అంతా అయిందనడం అతి అవుతుంది. గేటు బయటి గుమాస్తాకు యూనిఫాం లేదు, అతనూ మారాడు. అతని విషయంలో ఎన్‌సీసీ, ఐటీఐ, సినిమా హీరో, సైకిలు, స్కూటరు అన్నిటికీ వాటా ఉంది. సైకిలు గొలుసులో పంచె అంచు పడటం మిల్లు ఇరుసులో పడటం కంటే చాలా ఎక్కువమందికి అనుభవం. అన్నిటికంటే మించి టెర్రీకాటన్. 1960ల నుంచి అది బజారులోకి వచ్చింది. తెల్ల పంచె వెనక ఒక కంటికి కనపడని చాకిరీ ఉండేది: చాకిరేవు, నీలిమందు, గంజి, ఇస్త్రీ. ఆ పని చాకలి ఇంటివాళ్ళు, ఇంట్లో ఆడవాళ్ళు చేసేవారు. ఊరు పెరిగి, పాత ఇచ్చిపుచ్చుకోళ్ళు తెగిపోయి, మున్సిపల్ కుళాయి దగ్గర బిందెల వరుస మొదలయ్యాక రోజుకో ఉతికిన పంచె ఎవరు ఇస్తారు? టెర్రీకాటన్ ప్యాంటు వారానికి రెండుసార్లు ఉతికితే చాలు. పంచె పోవడంలో నాకు అన్నిటికంటే నమ్మకమైన కారణాల్లో ఇదొకటి, దీన్ని పట్టించుకున్నవారు తక్కువ.

ఉక్కు కర్మాగారం వచ్చేసరికి ఈ కథ దాదాపు అయిపోయింది. 1966లో విశాఖ ఉక్కు కోసం నిలబడిన నాయకత్వం ఖద్దరు పంచెల తరం. శంకుస్థాపన 1971 జనవరిలో ఇందిరాగాంధీ చేసింది, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ గోదావరి 1990లో వెలిగింది. 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేసిన ప్రధాని పి.వి. నరసింహారావు పంచె, లాల్చీ, కండువాలకు పేరుపడ్డ మనిషి. ఎదుట ఉన్న ఉద్యోగుల్లో తండ్రులు పంచె కట్టినవారు ఎందరో, తాము కట్టేవారు లేరు. పెద్ద పదవిలో ఉన్నవాడికి పంచె హుందా, చిన్న ఉద్యోగంలో ఉన్నవాడికి వెనకబాటు, ఈ విభజన అప్పటికే స్థిరపడింది. తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి పంచెకట్టు ఎంతగా మెచ్చుకున్నా, దాన్ని చూసి సోమవారం ఆఫీసుకు పంచె కట్టుకుపోయిన ఎల్డీసీ కనపడడు. ఫర్నేస్ దగ్గర ఇంకో చిత్రం ఉంది. నిప్పు రవ్వ పడితే పాలిస్టరు కరిగి చర్మానికి అంటుకుంటుంది, కాబట్టి అక్కడ నూలు బట్టే కావాలి. కట్టు మారినా, పోగు మాత్రం పాతదే భద్రమైనదని తేలింది.

ఆడవాళ్ళ పనిబట్ట ఊసు ఈ చరిత్రలో ఎక్కడా రాకపోవడం కూడా చరిత్రే. రేవులో మాంగనీసు మోసిన ఆడకూలీలు గోచీకట్టు చీరలో మోశారు. 22వ సెక్షను వాళ్ళకు బిగుతు దుస్తులు ఇవ్వమనలేదు. తిరిగే యంత్రాన్ని తుడిచే, నూనె వేసే పని వాళ్ళకు ఇవ్వనే వద్దంది. ఖనిజం ఎత్తే యంత్రాలు 1960లలో వచ్చాక గంపలతో పాటు వాళ్ళూ రేవు నుంచి పోయారు.

ఇవాళ ఏం మిగిలింది? సింహాచలం అర్చకులకు పంచె తప్పనిసరి పనిబట్ట. చేపల రేవులో, పూర్ణా మార్కెట్ మూటల దగ్గర లుంగీ ఉంది, దానికి గౌరవం లేదు. మన సినిమా దాన్ని రౌడీకి ఇచ్చేసింది. రుషికొండ ఐటీ కంపెనీల్లో సంక్రాంతి ముందు ఒకరోజు కుర్రవాళ్ళు పట్టు పంచెలు వేసుకుంటారు. కట్టుకుంటారు అనలేను, అంటించే పట్టీ, జేబు ఉన్నవి తొడుక్కుంటారు. ఆగస్టు 7 చేనేత దినం నాడు అధికారులు ఫొటోకు నిలబడతారు. వీటిని చూసి పంచె తిరిగొచ్చిందని మురిసే వ్యాసాలు చదివాను. ఏడాదికి రెండు రోజుల వేషాన్ని తిరిగి రావడమనడం నాకు ఇష్టం లేదు. కిల్టుకూ ఇదే గతి పట్టింది, పెళ్ళిళ్ళకే మిగిలింది.

వాదనకు దిగాలంటే సంస్కృతి పేరుతో కాక ఉక్కపోత పేరుతో దిగాలి. 2017 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో బస్సు డ్రైవర్లు ఎండకు తాళలేక, నిక్కర్లకు అనుమతి లేకపోవడంతో లంగాలు తొడిగి విధులకు వచ్చారు. అక్కడి ఎండ మన మే నెల ముందు ఏ మూలకు? జమాఖర్చులు రాసే గదిలో తిరిగే ఇరుసు లేదు, ద్రవ లోహం లేదు. అక్కడ పాలిస్టరు ప్యాంటు కోసం 22వ సెక్షను చూపించలేం. అయితే ఆ పంచె ఉతికి ఇస్త్రీ చేసేది ఎవరో కూడా అదే గదిలో తేల్చుకున్నాకే ఆ మాట ఎత్తాలి.